ఎత్తు పెంచిన వి-క్రాస్‌కు పాత స్కిడ్ ప్లేటు: మూడు వానాకాలాల తర్వాత

నా వి-క్రాస్ పికప్ ఇంజిన్‌కు రాళ్ళ దెబ్బ తగలకుండా కింద బిగించిన ఇనుప ప్లేటు (స్కిడ్ ప్లేటు) మీద ఇప్పటికి పదకొండు గాట్లు ఉన్నాయి. నాలుగు పాత యజమాని నాటివి, ఏడు నావి. ఆ ఏడింటిలో ఒకటి అడుగు పొడవున, చిటికెన వేలు పట్టేంత లోతున సొట్టపడింది. సరిగ్గా దాని పైనే ఇంజిన్ చాంబర్ (ఇంజిన్ ఆయిల్ నిలిచే అడుగు తొట్టి) ఉంటుంది. కొత్తగూడ అడవి దారిలో (భద్రాద్రి కొత్తగూడెం కాదు, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ), ఫోను సిగ్నల్ అందని చోట తగిలిన దెబ్బ అది. ఆ సాయంత్రం అదే బండిలో ఇంటికి వచ్చాను. పాత ప్లేటు కొనవచ్చా, ఎత్తు పెంచిన బండికి అది కూర్చుంటుందా అని అడిగేవారికి నా మొదటి జవాబు ఆ సొట్టే. అయితే అక్కడిదాకా రావడానికి చాలా పని పట్టింది. ఎక్కువమంది తప్పు చేసేది ఆ పనిలోనే.

నేను ఉండేది హనుమకొండలో. మిరప చేను పాకాల అడవి అవతల. వారానికి రెండుసార్లు నర్సంపేట మీదుగా వెళ్ళి వస్తాను. తారు రోడ్డు దిగాక చివరి ఏడెనిమిది కిలోమీటర్లు మొరం దారి. వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలైతే ట్రాక్టర్ల కేజీ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) రెండు పక్కలా లోతైన గాడులు తీస్తాయి, మధ్యలో మట్టి కట్ట మిగులుతుంది. ఆ కట్టలో రాళ్ళు దాగి ఉంటాయి. చక్రాలు గాడిలో దిగితే బండి పొట్ట కట్టకు రాసుకుంటుంది.

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 2017 నాటిది, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. పాతదే కొన్నాను. అప్పటికే రెండు అంగుళాలు ఎత్తు పెంచి ఉంది: ముందు స్ప్రింగుల మీద స్పేసర్లు (ఎడం పెంచడానికి మధ్యలో పెట్టే దిమ్మలు), వెనక కమాన్ పట్టీలకు అదనపు పట్టీ. ఇంజిన్ కింద కంపెనీ ఇచ్చిన కవచం మాత్రం లేదు, ఎవరో ఎప్పుడో విప్పేశారు.

ఎత్తు గురించి ఒక మాట విడమరిచి చెప్పాలి. రెండు అంగుళాలు పెంచితే కింద ఉన్నదంతా రెండు అంగుళాలు లేస్తుందని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మాను. లేచేది ఛాసిస్ (బండి అడుగు చట్రం), దానికి బిగించిన ఇంజిన్. వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) చక్రాలతో కలిసి ఉంటుంది కాబట్టి ఉన్నచోటే ఉంటుంది. దాన్ని ఎత్తగలిగేవి పెద్ద టైర్లు మాత్రమే. 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 వేస్తే చక్రం వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇరుసుకు దక్కేది అందులో సగం, 14.

ముందు వైపు కథ వేరు. అక్కడి డిఫరెన్షియల్ ఛాసిస్‌కే వేలాడుతుంది. ఛాసిస్ లేచినప్పుడు అదీ లేస్తుంది, చక్రాలు కిందే ఉంటాయి, రెంటినీ కలిపే షాఫ్టులు ఏటవాలు అవుతాయి. వాలు ఎక్కువైతే షాఫ్టు కీళ్ళు త్వరగా అరుగుతాయి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. అందుకే ఎత్తు పెంచేవారు కొందరు డిఫరెన్షియల్‌ను స్పేసర్లతో కొంత కిందికి దించుతారు. నా బండిలో 25 మిల్లీమీటర్లు దించారు. అంటే బండి రెండు అంగుళాలు లేచినా ముందు డిఫరెన్షియల్ నేల నుంచి లేచింది ఒక్క అంగుళం. పైగా ఛాసిస్‌కు బిగించే ప్లేటుకు అది అంగుళం దగ్గరైంది. మామూలు ఎత్తు బండికి చేసిన ప్లేటు నా బండికి కూర్చోకపోవడానికి కారణం ఇదే. ఎత్తు పెంచినా డిఫరెన్షియల్ దించని బండికైతే ఈ తంటా ఉండదు. కాబట్టి ప్లేటు బేరం ఆడేముందు మీ బండి కింద ఏం మార్చారో చూసుకోండి.

ప్లేటు హైదరాబాద్‌లో దొరికింది. ఇదే మోడల్ బండి అమ్మేస్తూ ఒకాయన విడిగా తీసి పెట్టుకున్నారు. ఆరున్నర వేలకు ఇచ్చారు. అలాంటిది కొత్తగా చేయించడానికి నాకు చెప్పిన ధర దాదాపు మూడింతలు. మందం నాలుగు మిల్లీమీటర్లు అన్నారు. ఇంటికి తెచ్చి మిరప బస్తాలు తూచే కాటా మీద పెడితే 17 కిలోల 400 గ్రాములు తూగింది. నాలుగు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు చదరపు మీటరుకు 31 కిలోలకు పైగా ఉంటుంది. నా ప్లేటు వైశాల్యం అర చదరపు మీటరుకు కొంచెం పైన, లెక్క సరిపోయింది. అదే మూడు మిల్లీమీటర్ల మందమైతే 13 కిలోల దగ్గర ఆగేది. రంగు కింద మందం కంటికి తెలియదు, కాటా చెబుతుంది.

పాత ప్లేటు మీద గాట్లు చూసి బెదరనక్కరలేదు, అవి దాని పని. చూడాల్సింది బోల్టు రంధ్రాలను. అవి గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ ప్లేటు చాలాకాలం వదులుగా ఊగిందని అర్థం. నాదానిలో ఒకటి అలా సాగింది. దాని మీద మందపాటి వాషరు పెట్టి వెల్డింగ్ చేయించాను. తర్వాత ఎదురెదురు మూలలకు రెండు దారాలు బిగుతుగా లాగి కట్టాను. అవి మధ్యలో ఒకదాన్నొకటి తాకితే ప్లేటు మెలి తిరగలేదన్నమాట. ఇక చివరిది, కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు చిన్న సుత్తితో అంతటా తట్టడం. అన్నిచోట్లా ఖంగుమంది, ముందు మడత దగ్గర మాత్రం మొద్దుగా పలికింది. అక్కడ రంగు గీకితే రెండు అంగుళాల పగులు, వెంట్రుకంత సన్నగా ఉంది. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి, ఆపైన వెల్డింగ్ పెట్టించాను. కొసలు అలాగే వదిలి పెట్టిస్తే పగులు పక్కనుంచి మళ్ళీ పాకుతుంది. మూడేళ్ళయినా అది కదలలేదు.

2022 మే నెలలో బిగించాం, వరంగల్ ఆటోనగర్‌లో. మేస్త్రీది లారీల మీద పండిన చేయి. ముందు రెండు బోల్టులు పట్టగానే ప్లేటు వెనక భాగం డిఫరెన్షియల్‌కు తగిలి ఆగింది.

"సార్, ఇక్కడ గ్యాస్ కటింగ్‌తో కోసేస్తే అయిపోతుంది" అన్నాడు.

"వద్దన్నా. ఏ రాయికి అడ్డం పెడుతున్నామో ఆ రాయికే దారి వదిలినట్టు అవుతుంది. ఎంత తగులుతోందో ముందు కొలుద్దాం" అన్నాను.

జాకీతో ప్లేటును తగిలేదాకా ఎత్తి చూస్తే, వెనక బోల్టుల దగ్గర ఛాసిస్‌కూ ప్లేటుకూ మధ్య 13 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. అది తగలకుండా ఉండటానికి మాత్రమే. ఇంజిన్ తన రబ్బరు దిండ్ల మీద ఊగుతుంది, రాయి తగిలితే ప్లేటు లోపలికి వంగుతుంది, రెండింటికీ చోటు కావాలి. అందుకని వెనక 25, మధ్యలో 12 మిల్లీమీటర్ల స్పేసర్లు అనుకున్నాం. పక్క వీధి లేత్ షాపులో గుండ్రటి ఇనుప కడ్డీ కోసి చేయించాం. ప్లేటు ఇప్పుడు వెనక్కి కొంచెం వాలి కూర్చుంటుంది కాబట్టి స్పేసరు అడుగు చదునుగా ఉంటే ఒక అంచు మీదే ఆనుతుంది. బోల్టు వంకరగా బిగుస్తుంది, త్వరలోనే తెగుతుంది. లేత్ ఆయనకు ఆ వాలు చూపిస్తే స్పేసర్ల అడుగును రెండు డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఇచ్చాడు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. చేతిలో పట్టుకుంటే వాలు కనిపించదు, గాజు మీద నిలబెడితే పక్కకు ఒరుగుతుంది.

చాంబర్ దగ్గర ఎంత ఎడం ఉందో చూడటానికి ప్లేటు లోపల బంకమట్టి ముద్దలు పెట్టి, ప్లేటు బిగించి, మళ్ళీ దించి చూశాం. అన్నిటికంటే ఎక్కువగా నలిగిన ముద్ద 18 మిల్లీమీటర్ల మందం ఉంది. రెండేళ్ళ తర్వాత సొట్టపడినప్పుడు చాంబర్‌ను కాపాడింది ప్లేటు మందం ఎంతో, ఈ ఎడం అంతే.

బోల్టులు పాతవి వాడలేదు. తల మీద 8.8 అని గట్టిదనం గుర్తున్న ఎం10 (పది మిల్లీమీటర్ల) బోల్టులు, స్పేసర్ల మేరకు పొడవు పెంచి తెచ్చాం. ఛాసిస్‌లోని మరలు తుప్పు పట్టి ఉంటే ట్యాపు (మరలు కోసే పనిముట్టు) తిప్పి శుభ్రం చేసి, గ్రీజు రాసి, అన్ని బోల్టులూ ముందు చేత్తో నాలుగు చుట్లు పట్టించాం. ఆ తర్వాతే పానాతో బిగించాం. ఈ కొలత బోల్టుకు సుమారు 45 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. ప్లేటు ముందు మడత ఛాసిస్ అడ్డకమ్మీ ముందు నుంచి పైకి తిరిగి ఆనుకోవాలి. ఎదురుగా రాయి తగిలినప్పుడు ఆ తోపును మడత మోయాలి, బోల్టులు కాదు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి దూరవద్దు. స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టండి.

పాత ఆయిల్ దించడానికి ప్లేటులో ఉన్న రంధ్రం నా బండి ఆయిల్ బోల్టుకు రెండు వేళ్ళు పక్కకు వచ్చింది. ఆ రోజు చూసుకోలేదు. మొదటి ఆయిల్ మార్పు రోజు నల్లటి ఆయిల్ అంతా ప్లేటు లోపల పారి, వారం రోజులు బొట్లు బొట్లుగా కారింది. తర్వాత రంధ్రం పెద్దది చేయించి అంచు ఆకురాయితో నున్నగా చేశాను. బిగించకముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఇక వాడకం. అప్పటి నుంచి 38,000 కిలోమీటర్లు తిరిగాను. ముందు భాగం బరువెక్కినట్టు నాకు అనిపించలేదు. ఏప్రిల్, మే ఎండల్లో కూడా ఇంజిన్ వేడి చూపే ముల్లు తన చోటు నుంచి కదలలేదు. శబ్దం మాత్రం మారింది. ఇంజిన్ మోత కింద కొట్టుకుని తిరిగి పైకి వస్తుంది, లోపల కూర్చున్నవారికి సన్నటి హోరులా వినిపిస్తుంది. దాన్ని తగ్గించాలని మొదటి నెలలోనే బోల్టుల కింద రబ్బరు ముక్కలు పెట్టించాను. హోరు తగ్గింది, కానీ రబ్బరు నలిగేకొద్దీ బోల్టులు వదులై మూడు వారాల్లో ప్లేటు గలగలమంది. రబ్బరు తీసేసి, ఇనుము మీద ఇనుము ఆనేలా బిగించాక ఆ గలగల మళ్ళీ రాలేదు. బిగించిన మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి బోల్టులన్నీ సరిచూడటం తప్పనిసరి. నావాటిలో రెండు చెరో పావు చుట్టు తిరిగాయి.

అసలు శ్రమ బురదతో. మా వైపు నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. 2023 జులై చివరి వానలు ఇక్కడివారికి ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వాన అది. ఆ తర్వాత నెలంతా దారి అంచులు కోసుకుపోయి, బండి పొట్ట నేలను రాయని రోజు లేదు. దసరాకు ప్లేటు దించితే దాని లోపల గట్టిపడిన మట్టి, పత్తి కట్టె ముక్కలు, టేకు ఆకులు తొమ్మిది కిలోలు వచ్చాయి, అదే కాటా మీద తూచాను. మట్టి తడిని పట్టి ఉంచి తుప్పు పెంచుతుంది. ఎండిన ఆకు అంతకంటే ప్రమాదం, సైలెన్సర్ గొట్టం పక్కనే ఉంటుంది. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానలయ్యాక ప్లేటు దించి కడిగి, తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్, దాని మీద నల్ల రంగు వేస్తున్నాను. మనిషి తోడుంటే పూట పని.

అలా దించినప్పుడే మరొకటి బయటపడింది. ముందు డిఫరెన్షియల్ సీలు నుంచి ఆయిల్ చెమ్మగిల్లుతోంది. ప్లేటు లేకపోతే బండి నిలిపిన చోట నేల మీద మరక కనిపించి ముందే తెలిసేది. ప్లేటు ఆ మరకను దాచేసింది. ఎంత కాలం అలా ఉందో చెప్పలేను, డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం మాత్రం బాగా తగ్గింది. ప్లేటు వేసుకున్నవారు ఆయిల్ మట్టాలను తరచుగా, విప్పి చూసుకోవాలి.

ప్లేటు ఉందన్న ధైర్యంతో పారే వాగులో దిగవద్దు. అది రాయికి అడ్డం, నీటికి కాదు.

తరువాతి ఏడాది గేర్‌బాక్సు కింద ఇంకో చిన్న ముక్క చేయించాను. ముందు ప్లేటు వెనక అంచు దాన్ని, గూనపెంకు మీద పెంకు కప్పినట్టు, కింది వైపు నుంచి కప్పాలి. తిరగేసి బిగిస్తే బండి ముందుకు పోయేటప్పుడు రాళ్ళన్నీ ఆ సందులో తట్టుకుంటాయి.

చట్టం సంగతి కూడా దాచకూడదు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఎత్తు పెంచిన బండి కొనేవారు ఈ సంగతి తెలిసే కొనాలి, బీమా కంపెనీకి చెప్పి ఉంచాలి. కేవలం ప్లేటు కోసం ఎత్తు పెంచాలనుకునేవారికి నా సలహా ఒకటే, వద్దు. మామూలు ఎత్తులో ఉన్న వి-క్రాస్‌కు సరైన ప్లేటు వేస్తే మా చేని దారికి సరిపోతుంది.

ప్లేటు, స్పేసర్లు, బోల్టులు, వెల్డింగ్, రంగు, కూలి అన్నీ కలిపి నాకు తొమ్మిది వేల చిల్లర అయింది. మళ్ళీ కొనాల్సి వస్తే పాతదే కొంటాను, దారాలు, సుత్తి, కాటాతోనే వెళ్తాను. వానలకు ముందు ఈసారి దించినప్పుడు వెనక కుడి బోల్టు మార్చాలి, మర కొద్దిగా లాగేసింది. కొత్త బోల్టు తెచ్చి ముందు సీటు కింద పెట్టాను.