స్లైమ్ రిమోట్‌గా వాడితే: నెట్ పోయినా లిస్ప్ పోదు, కానీ...

ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లోంచే లిస్ప్ భాషలో ప్రోగ్రాములు రాసి నడిపించే ప్లగిన్ స్లైమ్. దాన్ని ఎక్కించుకోవడం అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. ఇన్నాళ్లు వాడాక కూడా దీన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే. లిస్ప్ కోడ్‌ను నడిపే ఎస్‌బీసీఎల్ ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది, ఈమ్యాక్స్ మాత్రం కొండాపూర్‌లోని నా లాప్‌టాప్‌లో. మే నెల గాలివానకు కరెంటూ రౌటరూ పోయినా, సర్వర్ మెమరీలో హ్యాష్ టేబుల్‌లోకి ఎక్కించిన డేటా చెక్కుచెదరదు. నెట్ రాగానే స్లైమ్-కనెక్ట్ కమాండ్ కొడితే చాలు.

దీనికి కొంచెం తతంగం ఉంది. లిస్ప్‌ను టీమక్స్ (మనం బయటికి వచ్చేసినా సర్వర్‌లో నడుస్తూనే ఉండే టెర్మినల్) లోపల తెరవాలి. స్లైమ్‌కి లిస్ప్ వైపున ఉండే భాగమైన స్వాంక్‌లో క్రియేట్-సర్వర్‌కి పోర్టు 4005తో పాటు డోంట్-క్లోజ్ కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి కనెక్షన్ అందగానే పోర్టు మూసుకుంటుంది, టీమక్స్‌లోకి వెళ్లి మళ్లీ లేపాలి. పోర్టును బయటికి తెరవొద్దు, ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ (లాప్‌టాప్ నుంచి సర్వర్‌కి వేసే భద్రమైన దారి) లోంచే రావాలి. విసిగించేది ఈ టనెలే: నెట్ పోయినా పాత ఎస్‌ఎస్‌హెచ్ చావకుండా ఇటువైపు 4005ని పట్టుకుని కూర్చుంటుంది, కొత్త టనెల్ వేస్తే పోర్టు వాడుకలో ఉందంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 15 సెకన్లు పెడితే ముప్పావు నిమిషంలో అదే తప్పుకుంటుంది.

డేటా పోదన్నాను గానీ, నడుస్తున్న పని పోతుంది. రెపల్‌లో (లైను కొట్టగానే నడిపి జవాబిచ్చే లిస్ప్ విండోలో) మొదలుపెట్టిన లెక్క ఆ కనెక్షన్ థ్రెడ్‌లోనే నడుస్తుంది, కనెక్షన్ తెగితే స్వాంక్ దాన్నీ చంపేస్తుంది. గంటలు పట్టే పనైతే మేక్-థ్రెడ్‌తో విడిగా నడిపి, ఫలితాన్ని గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టించాలి. అప్పుడు దాని ప్రింట్లు ఈమ్యాక్స్‌లో కనబడవు, టీమక్స్‌లో పడతాయి.

ఇమేజ్ (మెమరీలో నడుస్తున్న ఈ లిస్ప్) ఎంతకాలం బతికితే అంత చెత్త పేరుకుంటుంది కూడా. ఫంక్షన్ పేరు మార్చినా పాతది లోపలే ఉంటుంది. పాత పేరుతో పిలిచే లైను ఎక్కడో మిగిలిపోయినా ఇక్కడ అంతా సవ్యంగానే నడుస్తుంది, కొత్త ఎస్‌బీసీఎల్‌లో లోడ్ చేస్తేనే బండారం బయటపడుతుంది. పేరు మార్చగానే కంట్రోల్-సి కంట్రోల్-యు కొట్టి పాతదాన్ని తీసేయడం మేలు. డెఫ్‌వార్‌తో పెట్టిన వేరియబుల్ విలువను కోడ్‌లో మార్చి కంట్రోల్-సి కంట్రోల్-సి (కంపైల్) కొడితే లోపల పాత విలువే ఉంటుంది, దానికి కంట్రోల్-మెటా-ఎక్స్ కావాలి.

పెద్ద డేటా మెమరీలో పెట్టుకుని రోజుల తరబడి కెలికే నాలాంటి పనికి ఇది బాగా కుదిరింది. లోడ్ అవడానికి పది సెకన్లే పట్టే ప్రాజెక్టులకు లాప్‌టాప్‌లోనే నడుపుకోండి, ఈ టనెళ్ల గోలెందుకు?