బాఘ్‌మారా పిచ్చర్ మొక్కల అభయారణ్యం: ఒక్క మొక్క కోసం వెళ్ళవలసిన చోటు

అభయారణ్యం అనగానే ఏనుగులనూ జీపు ప్రయాణాన్నీ ఊహించుకొని వచ్చేవారికి ఇక్కడ నిరాశ తప్పదు. మేఘాలయలో దక్షిణ గారో కొండల జిల్లా కేంద్రమైన బాఘ్‌మారాలో, సిమ్‌సాంగ్ నది ఒడ్డున ఉన్న ఊరికి దగ్గరలోనే, 1984లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 2 హెక్టార్లు మాత్రమే, అంటే ఐదెకరాలు. త్వరగా నడిచేవారికి అరగంట కూడా పట్టదు, కానీ త్వరగా నడిచేవారు ఇక్కడ చూసేదేమీ లేదు.

చూడవలసినది నెపెంథిస్ ఖాసియానా అనే పిచ్చర్ (కూజా) మొక్క, మన దేశంలో సహజంగా పెరిగే ఏకైక నెపెంథిస్ జాతి. ఆకు కొస తీగలా సాగి, దాని చివర మూత ఉన్న కూజాగా మారుతుంది. మూత ఇంకా విడని లేత కూజాను, అంచున తేనె ఊరుతూ చీమలను రప్పిస్తున్న ముదురు కూజాను, ఎండి గోధుమరంగుకు తిరిగినదాన్ని ఒకే మొక్క మీద వరుసగా చూడగలగడం నాకు అన్నిటికన్నా నచ్చింది. పాఠ్యపుస్తకంలోని బొమ్మలో ఈ వయసుల తేడా కనిపించదు. నత్రజని తక్కువగా ఉన్న నేలలో పెరిగే ఈ మొక్క, అంచు మీద జారి లోపలి ద్రవంలో పడ్డ కీటకాలను జీర్ణించుకొని ఆ లోటు తీర్చుకుంటుంది. గారోలు దీన్ని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యపు బుట్ట, అంటారు. శాస్త్రీయ నామం కన్నా ఈ పేరే దానికి బాగా అతికింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షిత మొక్కల జాబితాను చేర్చినప్పుడు అందులో ఉన్నవి ఆరే. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీతో పాటు ఇదీ వాటిలో ఒకటి. అయితే ఈ జాతిలో మగ పూలు ఒక మొక్కకు, ఆడ పూలు మరొక మొక్కకు పూస్తాయి కనుక విత్తనం కట్టాలంటే రెండు రకాలూ దగ్గరలో ఉండి తీరాలి. బొగ్గు గనులు, పోడు సాగు, అమ్మకం కోసం మొక్కలను పెకలించుకుపోవడం వల్ల చుట్టుపక్కల కొండల్లో ఇవి తగ్గిపోయిన స్థితిలో, ఐదెకరాల రక్షణ సరిపోతుందని నేననుకోను.

చిన్నపిల్లలతో వెళ్ళేవారు కూజాల మూతలు తెరిచి చూడనివ్వకుండా ముందే చెప్పి ఉంచాలి. ఏనుగులే కావాలనుకునేవారికి ఇదే జిల్లాలో బల్‌పక్రం జాతీయ ఉద్యానవనం ఉంది. ఒక ఉదయం ఇక్కడ గడిపి, అక్కడికి వేరే రోజు కేటాయించుకోవడం మంచిది.