గుజరాతీ గల్లీ కొట్టులో రెసిస్టర్లు: హాఫ్ వాట్ ఇస్తే తీసుకోవచ్చా?

సింథసైజర్ సొంతంగా కట్టుకునేవాళ్లకు హైదరాబాద్‌లో నేను చెప్పేది కోఠి గుజరాతీ గల్లీలో మెట్ల కింద ఇరుక్కున్న ఓ చిన్న కొట్టు. కావాల్సిన విలువలు దాదాపు అన్నీ ఉంటాయి. తంటా వాటేజీతోనే. మన బోర్డులకు కావాల్సింది మామూలుగా క్వార్టర్ వాట్ (పావు వాట్). "క్వార్టర్ వాట్ అయిపోయిందన్నా, హాఫ్ వాట్ తీస్కపో, నడుస్తది" అంటాడు కొట్టతను.

నిజంగానే నడుస్తది. వాట్ అనేది రెసిస్టర్ ఎంత వేడి తట్టుకుంటుందన్న లెక్క. ఓమ్స్, అంటే రెసిస్టర్ అసలు విలువ, మారకపోతే సౌండ్ మారదు. యూరోరాక్ (చిన్న చిన్న మాడ్యూళ్లు కలిపి కట్టే సింథసైజర్ పద్ధతి)లో ప్లస్ 12కీ మైనస్ 12కీ మధ్య ఉన్న 24 వోల్టులూ ఒక్క 100కే (లక్ష ఓమ్స్) రెసిస్టర్ మీద పడ్డా అయ్యేది 6 మిల్లీవాట్ల లోపే.

చిక్కు సైజుది. క్వార్టర్ వాట్ పొడవు సుమారు 6 మి.మీ., హాఫ్ వాట్ 9. క్వార్టర్ వాట్‌కని చేసిన బోర్డు మీద హాఫ్ వాట్ పడుకోదు, నిలబెట్టి సోల్డర్ చేయాలి. చిన్న సైజులోనే 0.6 వాట్ మెటల్ ఫిల్మ్ కూడా వస్తుంది, గట్టిగా అడిగితే డబ్బాలు వెతికి తీస్తాడు.

వన్ బై ఎయిట్ వాట్ ఇస్తే మాత్రం ఆలోచించండి. 12 వోల్టుల నుంచి 1కే ద్వారా ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిస్తే రెసిస్టర్‌లో దాదాపు 100 మిల్లీవాట్లు, దాని హద్దు 125. మాడదు గానీ వేలికి చురుక్కుమంటుంది. పవర్ లైన్‌లో పెట్టే 10 ఓమ్స్ సంగతి దీనికి తలకిందులు. షార్ట్ అయినప్పుడు ముందు అది మాడిపోవాలి, అక్కడ పెద్దది పెడితే ఆలస్యంగా మాడుతుంది.

నాకు ఒళ్లు మండేది వేరే విషయంలో. ఇక్కడ హాఫ్ వాట్ అంటే ఎక్కువగా 5 శాతం కార్బన్ ఫిల్మే, అంటే రాసిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు: నాలుగు గీతలు, చివరిది బంగారు రంగు. ఎల్‌ఈడీకి, మిక్సర్‌కి హాయిగా వాడుకోండి. స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్‌లో వోల్టుకో ఆక్టేవ్ (ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక ఆక్టేవ్ పైకెళ్లే) ఇన్‌పుట్‌ల దగ్గర వద్దు. రెండు ఇన్‌పుట్‌ల 100కేల మధ్య 5 శాతం తేడా ఉంటే ఆక్టేవ్‌కి సుమారు 60 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరం 100 సెంట్లు) పోతాయి, అంటే పక్క స్వరం వైపు సగానికి మించి జరిగినట్టే. ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ సర్దే చిన్న రెసిస్టర్) తిప్పి ఒకదాన్ని సరిచేస్తే రెండోది తప్పుతుంది. పైగా గది వేడెక్కితే కార్బన్ ఫిల్మ్ విలువ ఇంకా జారుతుంది. "కార్బన్ అయినా మెటల్ అయినా రెండూ ఒకటే అన్నా" అంటాడు. నమ్మకండి, 1 శాతం మెటల్ ఫిల్మే అడగండి.

మల్టీమీటర్ తీసుకెళ్లి అక్కడే కొలుచుకున్నా విసుక్కోడు. ఒక్కో విలువలో పది రెసిస్టర్లకు తక్కువ ఇవ్వడు. ఆదివారం కొట్టు ఉండదు.