విండోస్ 7 కోసం సీటీసీలో అసెంబుల్ చేయించిన పీసీ: ఆర్నెల్లు వాడాక

మాది ఖమ్మంలో చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, గుడి కరపత్రాలు, ఏడాదికో రెండేళ్లకో ఒక స్కూలు సావనీరు. ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 (పేజీలు కూర్చే పాత అడోబీ సాఫ్ట్‌వేర్), అను అనే పాత తెలుగు ఫాంట్లు, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటరు, వీటితోనే బండి నడుస్తోంది. నవ్వొస్తే నవ్వండి. కాకపోతే మీ ఇంట్లో పెళ్లికి వేయించిన కార్డు దేంట్లో కంపోజ్ అయిందో ఒకసారి ఆ ప్రెస్సువాళ్లను అడిగి, ఆ తర్వాత నవ్వండి.

2025 జనవరి ఆఖర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ల మార్కెట్లో, ఒక షాపులో ఈ మెషీన్ చేయించుకున్నా. ఆ మెషీన్ గురించీ, ఆ షాపతని సర్వీసు గురించీ ఈ రివ్యూ. షాపు పేరు మాత్రం రాయను. మెచ్చుకోవాల్సింది ఎక్కువే ఉన్నా, తిట్టాల్సింది కూడా కొంత ఉంది.

అంతకుముందు వాడింది 2011లో కొన్న జీ41 బోర్డు మెషీన్. సరిగ్గా మాఘమాసం ముహూర్తాల ముందు పడకేసింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయేది. పక్క డోరు ఊడదీసి టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన మూడు కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఒకదాని నెత్తి పగిలి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. హార్డ్ డిస్కు బతికే ఉంది, అదొక్కటే ధైర్యం. టేబుల్ మీద పదకొండు కార్డుల మేటర్ ఉంది.

"విండోస్ 11 వేసిన కొత్తది కొనుక్కో నాన్నా, ఆ పీడా వదిలిపోతుంది" అన్నాడు మావాడు. వాడు చెప్పింది తప్పని అనను. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే సపోర్టు ఆపేసింది. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటిది, ఆ తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. పోనీ అడోబీదే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కు మారదామా అంటే, అది కూడా సీఎస్6 వెర్షన్ వరకే పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచేది. నా దగ్గర పధ్నాలుగేళ్ల ఫైళ్లున్నాయి. అక్క పెళ్లికి కార్డు వేయించుకున్న ఇల్లు తమ్ముడి పెళ్లికి వచ్చి "అదే మోడల్, పేర్లు మార్చండి" అంటుంది. ఇవన్నీ యూనికోడ్ రాకముందు పద్ధతిలో కొట్టినవి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" కాస్తా ఏదో యూరపు భాషలా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు లేకపోలేదు. మార్చాక వత్తులు, పొల్లులు ఒక్కొక్కటీ మళ్లీ చూసుకోవాలి. సీజన్ మధ్యలో అదెక్కడ కుదురుతుంది? పెళ్లికొడుకు తాత పేరులో ఒక వత్తు ఎగిరిపోతే ఐదు వందల కార్డులు నా నెత్తినే పడతాయి.

ముందు మా ఊళ్లోనే ఒక షాపుకు వెళ్లా. "విండోస్ 7దేముంది సార్, దేంట్లోనైనా ఎక్కుతుంది" అని హెచ్510 బోర్డు, పదో జనరేషన్ ఐ3 పెట్టారు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే "స్టార్టింగ్ విండోస్" దగ్గరే బిగుసుకుపోయింది. ఆ కాలం బోర్డుల్లో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పాత పద్ధతి బూటింగ్ కుదరదు, విండోస్ 7కేమో అదే కావాలి. షాపతను ఎక్కడినుంచో ఒక జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు తెచ్చి గుచ్చి, బయోస్ (విండోస్‌కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రాం)లో సీఎస్ఎం, అంటే ఆ పాత పద్ధతి బూటింగ్, ఆన్ చేశాడు. ఈసారి సెటప్ స్క్రీన్ వచ్చింది. మౌస్ మాత్రం కదల్లేదు, కీబోర్డు పలకలేదు. విండోస్ 7 తయారైన 2009లో యూఎస్‌బీ 3 డ్రైవర్ అందులో లేదు. 2015 తర్వాతి ఇంటెల్ చిప్‌సెట్లలో యూఎస్‌బీ 2 కంట్రోలర్ విడిగా లేదు. ఒకరి భాష ఒకరికి రాని వియ్యంకుల్లాగా కూర్చున్నాయి రెండూ. పాత రౌండ్ పిన్ను కీబోర్డు పెడితే ఒక అడుగు ముందుకెళ్లి, సీడీ డ్రైవ్ డ్రైవర్ ఏదో లేదని ఇంకో పేచీ. మేము పెట్టింది పెన్‌డ్రైవ్, అది అడిగేది సీడీ డ్రైవర్. నిజానికి దానికి కనిపించనిది ఆ యూఎస్‌బీ పోర్టే.

డ్రైవర్లన్నీ కలిపిన విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఒకటి నెట్లో ఉంది, దింపుతానన్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వండిన విండోస్ నా పని మెషీన్లో వద్దన్నా. రెండు రోజులు గడిచిపోయాయి. బోర్డు వెనక్కి తీసుకుని, "బాక్స్ ఓపెన్ అయింది కదా సార్" అని ఏడొందలు కోసుకుని మిగతాది ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కా. సీటీసీకి నేను వెళ్లక ఎన్నేళ్లయిందో. ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు, ఆ ఇరుకు వరండాలు, గాజు అద్దాల వెనక కొత్త బాక్సులు, అవి అలాగే ఉన్నాయి. కింద నాలుగు షాపుల్లో అడిగితే నలుగురూ వేసిన మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత?" పైన పాన్‌డబ్బా అంత వెడల్పున్న షాపులో ముప్పై ఏళ్ల కుర్రాడు మాత్రం "పనేంటి అంకుల్?" అన్నాడు. చెప్పా. "పేజ్‌మేకరా! అయితే నాలుగో జనరేషన్ దాటొద్దు. హెచ్81 బోర్డు పెట్టుకుందాం. దాంట్లో యూఎస్‌బీ 2 విడిగా ఉంటుంది, మీ డీవీడీ ఏ మార్పూ లేకుండా ఎక్కుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌కు సెవెన్ డ్రైవర్ ఉంది. వీజీఏ పోర్టు ఉంది, మీ పాత మానిటర్ కూడా నడుస్తుంది." రెండు రోజులు నా బుర్ర తిన్న సంగతి అరనిమిషంలో తేల్చేశాడు.

వాడిన ఐ5-4570 పందొమ్మిది వందలు, వాడిన హెచ్81 బోర్డు 2,600, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఐదొందలు. కొత్తవి మూడు: 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 1,650, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 1,500, క్యాబినెట్ 1,250. చేతి కూలి ఐదొందలు. మొత్తం 9,900. నేను 8 జీబీ ర్యామ్ అడిగా. "మీరు 32 బిట్ అంటున్నారుగా అంకుల్, అది నాలుగు జీబీ కూడా పూర్తిగా వాడుకోలేదు, మూడుకు పైన చిల్లర చూపిస్తుంది. ఆ ఐదొందలు మంచి ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టండి" అన్నాడు. అమ్మేవాడు వద్దని చెప్పడం ఆ రోజు అదే మొదటిసారి.

నా దగ్గరున్న ఒరిజినల్ డీవీడీతోనే విండోస్ వేశాడు. ఆ వెంటనే, డ్రైవర్లకంటే ముందు, రెండు అప్‌డేట్లు తన పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాడు: కేబీ4490628, కేబీ4474419. షా-2 అనే కొత్త రకం డిజిటల్ సంతకంతో వచ్చే డ్రైవర్లను, అప్‌డేట్లను విండోస్ 7 నమ్మడానికి 2019లో వచ్చినవి ఇవి. మీరు సొంతంగా వేసుకునేవాళ్లయితే ఈ రెండు నంబర్లూ రాసిపెట్టుకోండి.

ఇంటికొచ్చి నా టీవీఎస్ గోల్డ్ కీబోర్డు తగిలించా. రౌండ్ పిన్ను మోడల్. అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి, వేళ్లకు మాత్రం ఏ మీట ఎక్కడుందో తెలుసు. పాత బోర్డు పోయినరోజు నాకు అసలు బెంగ ఈ కీబోర్డు మీదే. హెచ్81 వెనకాల దానికి పోర్టు ఉంది. టకటకమని ఆ చప్పుడు మళ్లీ వినిపించాక లోపల్నుంచి మా ఆవిడ "బాగైందా?" అని అరిచింది.

ఇక తిట్టాల్సింది. పన్నెండో రోజు, సోమవారం పొద్దున. ఆదివారం రాత్రంతా లైను పని ఉందని కరెంటు తీసేశారు. పెళ్లికూతురు మేనమామ ప్రూఫ్ చూడ్డానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మెషీన్ ఆన్ చేస్తే విండోస్ బొమ్మ వచ్చి, కనురెప్ప పాటు నీలం తెర మెరిసి, మళ్లీ మొదటికి. మళ్లీ అంతే. ఎఫ్8 నొక్కి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపిస్తే నీలం తెర నిలబడింది. కింద కోడు చివర 7బీ. చేతిలో పధ్నాలుగేళ్ల ఫైళ్లు, ఎదురుగా మేనమామ. టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

సీటీసీ కుర్రాడికి ఫోన్ చేశా. రెండో రింగుకే ఎత్తాడు, అది ఒప్పుకోవాలి. "బయోస్‌లోకి వెళ్లి డేట్ ఎంతుందో చూడండి అంకుల్." చూశా. 2014 జనవరి 1. బయోస్ లెక్కన ఖమ్మం ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది.

సంగతేమిటంటే, వాడిన బోర్డుతో వచ్చిన సీమోస్ బ్యాటరీని (కరెంటు లేనప్పుడు తేదీ, బయోస్ సెట్టింగులు గుర్తుంచే బిళ్ల) అతను మార్చలేదు. అది ఎప్పుడో చచ్చిపోయింది. రోజూ కరెంటు ఉన్నంతకాలం బండారం బయటపడలేదు. ఒక రాత్రి పూర్తిగా పోయేసరికి బయోస్ సెట్టింగులన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ స్థితికి వెళ్లింది. ఆ స్థితిలో డిస్కు మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ, అంటే కొత్త పద్ధతి. ఇతనేమో అలవాటుకొద్దీ ఐడీఈ అనే పాత మోడ్‌లో పెట్టి విండోస్ వేశాడు. ఐడీఈలో వేసిన విండోస్ 7 ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను నిద్రపుచ్చి ఉంచుతుంది. మోడ్ మారితే సొంత డిస్కునే గుర్తుపట్టక 7బీ అని నీలం తెర చూపిస్తుంది. డిస్కుకు ఏమీ కాలేదు, ఫైళ్లకూ ఏమీ కాలేదు.

ముందు ఐడీఈ పెట్టించాడు, విండోస్ లేచింది. మేనమామకు ప్రూఫ్ చూపించి పంపించేశా. తర్వాత పక్కింటి వాచీల షాపులో సీఆర్2032 బిళ్ల నలభై రూపాయలకు కొనుక్కొచ్చి, చిన్న స్క్రూడ్రైవర్‌తో పాతది లేపి కొత్తది వేశా. మధ్యాహ్నం అతను మళ్లీ ఫోన్‌లో ఉండి రిజిస్ట్రీలో ఎంఎస్‌ఏహెచ్‌సీఐ అనే సర్వీసు దగ్గర స్టార్ట్ విలువ 3 ఉన్నదాన్ని 0 చేయించాడు. ఆ తర్వాత బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చితే హాయిగా లేచింది, ఏదో డ్రైవర్ వేసుకుని ఒకసారి రీస్టార్ట్ అడిగింది. అప్పట్నుంచి ఆ గొడవ లేదు. "బ్యాటరీ చూసుకోలేదు అంకుల్, తప్పు నాదే" అన్నాడు. మాట బాగానే ఉంది, పూట పని మాత్రం పోయింది. నలభై రూపాయల బిళ్ల అమ్మేముందే మార్చాలి, అంత పెద్ద మార్కెట్లో కూర్చుని అది చేయకపోవడం ఏమిటి?

వారంటీ సంగతి కూడా అడక్కుండా రాకండి. కొత్త సామాన్లకు బిల్లు ఇచ్చాడు. వాడిన బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌లకు "మూడు నెలలు నేను చూసుకుంటా" అన్న నోటి మాటే. నేను పట్టుబట్టి బిల్లు వెనక రాయించుకున్నా.

పనితీరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎందుకంటే మెషీన్ అనేది ఒకటుందనే గుర్తుకు రావడం లేదు. పాతదానిలో ఆన్ చేసి టీ పెట్టుకొచ్చేవాణ్ని, ఇప్పుడు టీ చల్లారకముందే మొదటి కార్డు ట్రేసింగ్ పేపర్ మీద బయటికొస్తోంది. పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయాలి, లేకపోతే అలుగుతుంది. ఆ టిక్కు ఒక్కసారి ప్రాపర్టీస్‌లో పెట్టేస్తే చాలు.

నెట్ మాత్రం పెట్టలేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని విండోస్‌ను నెట్‌కు తగిలించడం తలుపు తీసి పడుకోవడమే. విండోస్ 7కు క్రోమ్ బ్రౌజర్ కూడా 109 వెర్షన్‌తోనే ఆగిపోయింది. మేటర్ ఫోన్‌కు వాట్సాప్‌లో వస్తుంది, చూసి కొడతా. ఫొటోలుంటే మావాడి ల్యాప్‌టాప్‌లో దింపి, వైరస్ స్కాన్ చేసి, నా ఒక్క పెన్‌డ్రైవ్‌లో తెస్తా. కస్టమర్ల పెన్‌డ్రైవ్ నేరుగా దీనికి పెట్టనివ్వను, ఎంత దగ్గర చుట్టమైనా సరే. ఆల్బమ్ డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, ఇదే మెషీన్లో బ్యాంకు పని కూడా కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఇటు రాకండి, ఇది మీకు పనికిరాదు. నాలాగా పాత ఫైళ్లతో పొట్టపోసుకునేవాళ్లకైతే ఐదుకు నాలుగు ఇస్తా. ఆ పోయిన ఒకటి బ్యాటరీది.

శ్రావణంలో కార్డు శాంపిల్స్ కోసం సికింద్రాబాద్ వెళ్లినప్పుడు మళ్లీ అదే షాపుకు వెళ్లా. ఇంకో హెచ్81 బోర్డు తీసుకున్నా, అటక మీద పెట్టుకోవడానికి. ఇవి రోజులు గడిచేకొద్దీ దొరకవు. కుర్రాడు నన్ను చూసి నవ్వి, నేను అడక్కముందే సొరుగులోంచి కొత్త బిళ్ల తీసి, నా కళ్లముందే వేసి, బోర్డు కవర్లో పెట్టి ఇచ్చాడు. బిళ్లకు డబ్బులు తీసుకోలేదు.