పన్నీరు, వట్టివేరు నీరు, మొగలి నీరు: ఇంటి లేపనాల్లో ఏళ్ల వాడకం తర్వాత

ఇంట్లో చేసుకునే టోనర్లలో, క్రీముల్లో, ముఖ లేపనాల్లో మామూలు నీటికి బదులు పూల నీటిని వాడడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఆవిరి పట్టి తీసిన అసలైన పూల నీరు చర్మానికి హాయినీ లేపనానికి పరిమళాన్నీ ఇస్తుందని ఈ వాడకం తర్వాత నమ్మకంగా చెప్పగలను. అయితే దాన్ని మందుగా చూడడం సరికాదు. మొటిమలు మానుతాయని, ముడతలు పోతాయని సీసాల మీద రాసే మాటలకు నా అనుభవంలో ఆధారమేమీ కనిపించలేదు. అసలు ఆ నీటిలో ఉండే సుగంధ తైలాంశం సాధారణంగా వెయ్యింట ఒక వంతుకు మించదు. అంత స్వల్ప పరిమాణం నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో తెలిసి కొనుక్కుంటే పూల నీరు నిరాశ పరచదు.

పూలను నీటిలో మరిగించి, వచ్చిన ఆవిరిని చల్లార్చితే పైకి తేలే తైలం ఒకటి, దాని కింద నిలిచే సువాసన గల నీరు ఒకటి దక్కుతాయి. ఈ నీటినే హైడ్రోసాల్ అంటున్నారు. మన పన్నీరు ఈ కోవలోదే. గులాబీ పరిమళంలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు నీటిలో బాగా కరిగే గుణం ఉండడం వల్ల, ఆవిరి చల్లారేటప్పుడు అందులో ఎక్కువ భాగం తైలంలో చేరకుండా నీటిలోనే ఉండిపోతుంది. పన్నీరు వాసన అంత నిండుగా ఉండడానికి కారణం అదే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ పని ఇప్పటికీ డేగ్‌లనే పెద్ద రాగి పాత్రల్లో సాగుతోంది. మూత చుట్టూ మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీటి తొట్టిలో కూర్చోబెట్టిన భప్కా అనే పాత్రలోకి పంపుతారు. అత్తరు కోసమైతే భప్కాలో ముందుగా గంధపు నూనె పోసి ఉంచుతారు, గులాబీ జలానికి ఆ నూనె అవసరం లేదు. అక్కడి మైదానాల్లో దమస్క గులాబీ మార్చి, ఏప్రిల్ నెలల్లో విరగబూస్తుంది కాబట్టి, ఆ తర్వాతి నెలల్లో, తీసిన తేదీ చూసి కొన్న పన్నీరు నాకు ఎప్పుడూ బాగుంది.

కొనేటప్పుడు సీసా మీది పదార్థాల పట్టిక తప్పకుండా చదవాలి. నీటిలో కృత్రిమ పరిమళం కలిపి గులాబీ జలమని అమ్మే సరుకు బజారులో చాలా ఉంది. గులాబీ శాస్త్రీయ నామంతో పాటు పూల నీరు అని స్పష్టంగా రాసి ఉంటే సరే, నీరు, పర్ఫ్యూమ్ అని మాత్రమే ఉంటే దాన్ని చర్మ లేపనాలకు నేను కొనను. సీసా కుదిపినప్పుడు నురగ చాలాసేపు నిలిచిందంటే, పరిమళాన్ని నీటిలో కలిపి ఉంచే పదార్థమేదో అందులో ఉండే అవకాశం ఎక్కువ. అసలు పన్నీరులో గులాబీ తీపితో పాటు ఉడికిన రేకుల పచ్చివాసన కూడా కొద్దిగా ఉంటుంది, చేతి మీద రాసుకుంటే ఆ వాసన కాసేపటికే పోతుంది. గంటల తరబడి ఘాటుగా నిలిచే వాసనను నేను అనుమానిస్తాను.

ఇంట్లో పన్నీరు తీయడం కష్టమేమీ కాదు. వెడల్పాటి గిన్నెలో రేకులు మునిగేలా నీళ్లు పోసి, మధ్యలో స్టాండు మీద చిన్న గిన్నె పెట్టి, మూతను తిరగేసి దాని మీద ఐసు ఉంచి, సన్నని సెగ మీద కాచితే ఆవిరి మూతకు తగిలి చల్లారి చిన్న గిన్నెలోకి చుక్కలుగా రాలుతుంది. మొదట వచ్చే నీరే సువాసనగా ఉంటుంది, తర్వాత వచ్చేది చప్పగా ఉంటుంది కనుక వాసన తగ్గగానే పొయ్యి ఆపేయాలి. అసలు చిక్కు పూలతోనే. దండల కోసం, బొకేల కోసం పెంచే సంకర గులాబీల్లో చాలావాటికి వాసన తక్కువ, పైగా వాటి మీద పురుగుమందులు చల్లి ఉంటారు. పెరట్లో మందులు కొట్టకుండా పెంచిన నాటు గులాబీలు దండిగా ఉన్నవారికి ఈ పని తగినది, మిగిలినవారు కొనుక్కోవడమే మేలు. రేకులను వేడినీళ్లలో నానబెట్టి వడకట్టిన నీరు మాత్రం హైడ్రోసాల్ కాదు. అందులో రంగు, చక్కెరలు, రేకుల నలుసులు అన్నీ దిగుతాయి కనుక అది చాలా త్వరగా చెడిపోతుంది.

ఇంట్లో లేపనాలు చేసుకునేవారు అన్నింటికన్నా తక్కువ పట్టించుకునేది నిల్వ సంగతి. పూల నీరు ఎంత స్వచ్ఛంగా తీసినా నీరే. తెరిచిన సీసాలోకి గాలి నుంచి, వేళ్ల నుంచి సూక్ష్మజీవులు చేరి పెరుగుతాయి. తెల్లని పోగుల్లాంటివి తేలుతున్నా, అడుగున మబ్బులా కనిపించినా, పుల్లని లేదా మట్టి వాసన వచ్చినా వడకట్టి వాడుకోవాలని చూడకుండా పారబోయాలి. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి: కంటికి కనిపించేలోపే అది చెడి ఉండవచ్చు. అందుకే ముదురు రంగు గాజు సీసాలో, ఫ్రిజ్‌లో, స్ప్రే మూతతో ఉంచడం నా పద్ధతి. 100 గ్రాముల టోనర్‌కు 95 గ్రాముల పన్నీరు, 4 గ్రాముల గ్లిజరిన్, ఫినాక్సీఇథనాల్ కలిసిన ప్రిజర్వేటివ్ 1 గ్రాము చొప్పున తూకం వేసి కలుపుతాను. దానికి బదులు సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ వాడేవారు మిశ్రమం ఆమ్ల గుణంతో ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే పీహెచ్ 5.5 దాటితే వాటి బలం బాగా తగ్గిపోతుంది. ప్రిజర్వేటివ్ లేకపోవడమే స్వచ్ఛతకు గుర్తు అనే ప్రచారం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చెడిన నీటిని ముఖానికి రాసుకోవడం కన్నా ఒక శాతం ప్రిజర్వేటివ్ ఎంతో సురక్షితం. కళ్లలో పన్నీరు చుక్కలు వేసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. లేపనాల కోసం కొన్న నీరు కంటికి తగినట్లు సూక్ష్మజీవరహితంగా ఉండదు కాబట్టి ఆ పని అసలు చేయకూడదు.

క్రీములో పూల నీటి ఫలితం టోనర్‌లో ఉన్నంత స్పష్టంగా కనిపించదు. నూనెల భాగాన్నీ నీటి భాగాన్నీ విడివిడిగా 70 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి కలిపే పద్ధతిలో, నీటి భాగమంతా పన్నీరే పోస్తే ఆ వేడికి పరిమళం చాలావరకు ఎగిరిపోతుంది, ఖర్చు మాత్రమే మిగులుతుంది. అందుకని నీటి భాగానికి డిస్టిల్డ్ వాటర్ వాడి, క్రీము 40 డిగ్రీలకు దిగిన తర్వాత మొత్తం బరువులో పదో వంతు చల్లని పన్నీరు కలపడం నాకు నచ్చిన మార్గం. అంతకన్నా ఎక్కువ కలిపితే క్రీము పలచబడుతుంది. ముల్తానీ మట్టితో, శనగపిండితో చేసే లేపనాలకు ఇంత లెక్క అవసరం లేదు. అప్పటికప్పుడు పన్నీరుతో కలిపి, రాసుకొని, మిగిలింది పారేస్తే సరిపోతుంది.

మా ఎండాకాలానికి నేను పన్నీరు కన్నా వట్టివేరు నీటికే ఎక్కువ మార్కులు వేస్తాను. తడిసిన మట్టి, కొద్దిపాటి పొగ కలిసినట్లుండే ఆ వాసన మొదట కొందరికి నచ్చకపోవచ్చు గానీ, మే నెల ఎండలో బయట తిరిగి వచ్చి ఫ్రిజ్‌లోని సీసా తీసి మెడ మీద, చేతుల మీద చల్లుకుంటే కలిగే ఊరట పన్నీరుతో నాకు దొరకలేదు. కలబంద గుజ్జుతో చేసే జెల్‌లో కూడా ఇది చక్కగా ఇముడుతుంది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చే మొగలి నీరు మాత్రం లేపనాలకు నాకు నచ్చలేదు. ఆ పరిమళం ఎంత ఘనమైనదైనా చాలా తీవ్రమైనది, రెండు చెంచాలు పడితే మిగతా వాసనలన్నిటినీ మింగేస్తుంది. దానికి బిర్యానీలు, మిఠాయిలే సరైన చోటు.

సున్నితమైన చర్మం ఉన్నవారు, ఎగ్జిమా లాంటి సమస్య ఉన్నవారు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూసిన తర్వాతే ముఖానికి వాడాలి. పూల నుంచి వచ్చిన పరిమళమైనా కొందరికి పడదు. తులసి, దాల్చినచెక్కల నుంచి తీసిన నీళ్లలో ఘాటైన అంశాలు ఉంటాయి కనుక వాటిని నేను ముఖానికి వాడను. పన్నీరు, వట్టివేరు నీరు మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ధర కలిసివస్తుందని లీటరు సీసా తీసుకుంటే సగం వాడేసరికే వాసన నీరసిస్తుంది కాబట్టి, 100 లేదా 200 మిల్లీలీటర్ల సీసాలే కొని, తెరిచిన తేదీ మూత మీద రాసి, రెండు మూడు నెలల్లో ముగించేస్తున్నాను.