గారాబమా, గట్టి పెంపకమా: గైడ్ కుక్కకు ఏది మేలు?

మా చిన్నాన్న వాళ్లది తిరుపతి. పోయిన ఏప్రిల్‌లో రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. పక్కింట్లో చూపు లేని రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఆయన పిల్లను ఒళ్లో పెట్టుకుని "ఏమప్పా, ఇది పెద్దదైతే నన్ను గోవిందరాజస్వామి గుడిదాకా తీసుకుపోతుందా?" అన్నారు. తమాషాకే అడిగినా, ఇంట్లో వాదన మొదలైంది. ముద్దుగా పెంచితే ఏదైనా నేర్చుకుంటుందని చిన్నమ్మ. గారాబం చేస్తే చెడిపోతుంది, గట్టిగా పెంచాలని చిన్నాన్న.

చూపు లేనివాళ్లకు దారి చూపే గైడ్ కుక్కల విషయంలో ఈ వాదన మీద నిజంగానే పరిశోధన జరిగింది. అమెరికాలోని న్యూజెర్సీలో 'సీయింగ్ ఐ' అనే గైడ్ కుక్కల శిక్షణ సంస్థ ఉంది, 1929లో మొదలైంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు అక్కడ 23 తల్లికుక్కలనూ వాటి 98 పిల్లలనూ గమనించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. తల్లి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉన్న పిల్లలే పెద్దయ్యాక శిక్షణలో ఎక్కువగా తప్పాయట. పాలిచ్చే తీరులోనూ తేడా కనబడింది. తల్లి పడుకుని ఇస్తే పిల్ల కదలకుండా తాగొచ్చు. కూర్చునో నిలబడో ఇస్తే పిల్ల ఎగబాకి అందుకోవాలి. అలా కష్టపడి తాగిన పిల్లలే ఎక్కువగా గట్టెక్కాయి.

ఇది చదివి చిన్నాన్నే గెలిచాడనుకున్నాను. అంత తేలిక కాదు. స్వీడన్ సైన్యం పెంచే జర్మన్ షెపర్డ్‌ల మీద 2016లో వచ్చిన పరిశోధనలో, తల్లి ఎక్కువగా చూసుకున్న పిల్లలు పెద్దయ్యాక మనుషులతో బాగా కలిశాయి, చొరవ చూపాయి. పైగా పాలు నిలబడి ఇచ్చే తల్లి స్వభావమే పిల్లకు రక్తంలో వచ్చి ఉండొచ్చు, అచ్చంగా పెంపకం ఫలం కాకపోవచ్చు. నాకు తోచింది ఇది: ఆ న్యూజెర్సీ తల్లులు పిల్లల్ని వదిలేసి పోలేదు, పాలివ్వడం మానలేదు. పాలను కాస్త ఎత్తులో పెట్టాయి, అంతే. చిన్నాన్న చెప్పే 'గట్టితనం' అది కాదు.

కష్టాన్ని తట్టుకునే ఈ ఓర్పు గైడ్ కుక్కకు ఎందుకంటే, దాని పని చెప్పిన మాట వినడంతో అయిపోదు. మాస్టారు 'పద' అన్నా, ఆటో దూసుకొస్తుంటే అది కదలకూడదు. యజమాని మాటను కాదని నిలబడాలి, అదీ కంగారు పడకుండా. న్యూజెర్సీ కుక్కలకు పెద్దయ్యాక పెట్టిన పరీక్షల్లో ఎదురుగా గొడుగు తెరవడం ఒకటి. వెంటనే మొరిగినవీ, రెండు మూడు అంచెల్లో తేల్చాల్సిన చిక్కును విప్పడానికి ఎక్కువసేపు తీసుకున్నవీ శిక్షణలో ఎక్కువగా తప్పాయి.

కెన్నెల్ (సంస్థలో కుక్కల్ని ఉంచే కొట్టం) మేలా, ఇల్లు మేలా అంటే మాత్రం నాకు అనుమానం లేదు. ఇల్లే. పన్నెండు వారాలు దాటాక కూడా కెన్నెల్‌లోనే ఉండిపోయిన పిల్లలు శిక్షణలో ఎక్కువగా తప్పుతాయని 1950ల్లోనే అమెరికాలో గమనించారు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసినవీ విన్నవీ కుక్కపిల్లకు మామూలు అవుతాయి. అందుకే చాలా సంస్థలు రెండు నెలల పిల్లను ఒక కుటుంబానికి ఇచ్చి, ఏడాదో ఏడాదిన్నరో దాటాక వెనక్కి తీసుకుని అసలు శిక్షణ మొదలుపెడతాయి.

మరి తిరుపతి లాంటి ఊళ్లో ఆ 'మామూలు' ఎలా చేయాలి? టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం. చంకలో ఎత్తుకుని బస్టాండు పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు. హారన్లు, గుండ్ల జనం, గోవింద నామాలు అన్నీ వింటుంది. చిన్నాన్న ఏం చేశాడంటే, మే నెలలో గంగమ్మ జాతరకు మూడు నెలల పిల్లను తీసుకెళ్లి నేరుగా డప్పుల ముందు నిలబెట్టాడు. 'అలవాటు కావాల' అని. అలవాటు కాలేదు, బెదిరిపోయింది. రెండు వీధుల అవతల నిలబడి వినిపించి, బిస్కెట్ తింటోందా లేదా చూసుకుని, రోజుకు కొంచెం దగ్గరికి జరగాల్సింది. తిండి ముట్టలేదంటే మరీ దగ్గరికి పోయామని లెక్క. ఇంటికొచ్చాక చిన్నమ్మ వారం రోజులు దాన్ని ఒళ్లోంచి దించలేదు. దాన్ని చెడగొట్టడంలో ఇద్దరూ తలా ఒక చేయి వేశారు.

లాబ్రడారా, నాటుకుక్కా అని మాస్టారే ఇంకోసారి అడిగారు. నాటుకుక్కకు తెలివి తక్కువేం కాదు. కానీ ఈ పనికి తరతరాలుగా ఏరి పెంచినవి లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లు. లాబ్రడార్‌కు ఇంకో గుణం ఉంది, తిండియావ. ఆకలిని పెంచే ఒక జన్యులోపం మామూలు లాబ్రడార్లలో సుమారు 23 శాతానికి ఉంటే, సహాయక కుక్కలుగా పనిచేసే లాబ్రడార్లలో 76 శాతానికి ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. బిస్కెట్ కోసం నేర్చుకునేదే బాగా నేర్చుకుంటుందేమో. అయితే అదే కుక్క మన టిఫిన్ బండ్ల పక్కన పడేసిన ఇడ్లీ ఆకు చూసి కూడా ఆగిపోతుంది. ఈ ఊళ్లో దానికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

ఎనిమిది నెలలకు పిల్ల మొండికేస్తుంది, సొంతవాళ్ల మాటే వినదు. కొత్తవాళ్లు చెబితే కూర్చుంటుంది! ఇంగ్లండ్‌లో గైడ్ కుక్కలుగా పెంచుతున్న పిల్లల్లోనే ఇది చూశారు. ఆ వయసు దాటిపోతుంది కాబట్టి కొట్టడం కంటే ఆగడం మేలు.

మొన్న కార్తీకంలో వాన పడుతుంటే మాస్టారు వసారాలోకి వచ్చి గొడుగు ముడిచారు, విదిలించడానికి మళ్లీ తెరిచారు. తొమ్మిది నెలల ఆ పిల్ల మొరుగుతూ పోయి మంచం కింద దూరింది. మాస్టారు తన తెల్లకర్ర గోడకు ఆనించి కూర్చున్నారు. కాసేపటికి అది తల బయటపెట్టి, ఆయన కాలు వాసన చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"దీనికి నేను దారి చూపించాలప్పా" అన్నారు మాస్టారు.