దుధ్వాలో ఏది మేలు: సాల అడవా, గడ్డి మైదానమా, చెరువా?

దుధ్వా జాతీయ పార్కు ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో, నేపాల్ సరిహద్దును ఆనుకుని ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పులి కోసం, ఖడ్గమృగం కోసం వెళ్తారు. నేను మొక్కల పిచ్చితో వెళ్లాను, ఫిబ్రవరి చివర్లో. జీపు ఎక్కిన గంటలోనే సాల అడవి, గడ్డి మైదానం, చెరువు మూడూ కనిపించాయి. ఇంత దగ్గరదగ్గరగా ఉన్న వీటిలో మొక్కల సంపద దేనికి ఎక్కువ? వీటిలో ఒక్కదాన్నే కాపాడగలిగితే దేన్ని ఎంచుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అనుకుని వెళ్లాను. కాదని తెలిసి వచ్చాను.

మూడూ పక్కపక్కనే ఉండటానికి కారణం నీళ్లు. హిమాలయాల పాదాల దగ్గర భాబర్ అనే గులకరాళ్ల నేల ఉంటుంది. వాగుల నీళ్లు అందులో ఇంకిపోతాయి. కాస్త దిగువన మెత్తటి ఒండ్రు తగిలాక మళ్లీ పైకి ఊరతాయి. ఆ చెమ్మ నేలే తెరాయి. మిట్ట మీద సాల, పల్లంలో గడ్డి, నది దారి మార్చుకున్నప్పుడు మిగిలిపోయిన పాత పాయల్లో చెరువులు. గడ్డి మైదానాన్ని అక్కడివాళ్లు ఫంటా అంటారు, చెరువును తాల్ అంటారు.

మొక్కల పేర్లు వరసగా రాసుకుంటూ పోతే గెలిచేది అడవే. అంతస్తుల మీద అంతస్తులు కదా: పైన సాల, దాని సందుల్లో నల్లమద్ది, నేరేడు, కింద పొదలు, మానుల మీద ఫెర్నులు, ఆర్కిడ్లు. చెట్టు నుంచి చెట్టుకి పాకిన లావుపాటి తీగను చూసి ఆగాను. మన అడ్డతీగే! విస్తళ్లు కుట్టే ఆకు, మన్యంలో ఒక ఊరికి పేరిచ్చిన తీగ, ఇంత దూరంలో. ఇంకో నాలుగు అడుగులు వేశాక కాలికి తగిలిన పొద ఆకు నలిపి చూస్తే కరివేపాకు. పెరట్లో ఒక మొక్క బతికించుకోవడానికి మనం మజ్జిగ పోసి నానా తంటాలు పడతాం. అక్కడ సాల నీడలో అది కలుపుమొక్కలా దట్టంగా పెరిగి ఉంది. కూరగాయల బండివాడు కొసరుగా వేసే రెమ్మలకు అసలు పుట్టిల్లు ఇలాంటి చోట్లే.

అయితే ఈ అడవి గొప్పతనంలో కొంత డాబు కూడా ఉంది. తల ఎత్తి చూస్తే పైన దాదాపు ఒకటే చెట్టు. రైలు పట్టాల కింద స్లీపర్ల కోసం బ్రిటిష్‌వాళ్ల కాలంలో సాలనే పెంచి పోషించారు, మిగతా చెట్లను పెద్దగా లెక్కచెయ్యలేదు. పైగా సాల ఇక్కడి సొంత ఆస్తేమీ కాదు. మధ్య భారతం, ఒడిశా మీదుగా మన ఉత్తరాంధ్ర కొండల అంచుదాకా వచ్చి ఆగిన చెట్టది. మనం ధూపం వేసే గుగ్గిలం దాని జిగురే. దుధ్వాలో సాల పోతే నష్టం పెద్దదే, కానీ ఆ జాతి వేరే చోట బతికే ఉంటుంది.

చెరువుల సంగతి తీసుకుంటే, నిజం చెప్పాలంటే మొదట నిరాశ పడ్డాను. గట్టున తుంగ, దాని వెనక జమ్ము, కిక్కస, లోపల తామర, కలువ, నీటి అడుగున నాచు. కొల్లేరు చూసినవాళ్లకి ఇందులో కొత్తేముంది? నీటిమొక్కల గింజలూ ముక్కలూ పక్షుల కాళ్లకు అంటుకుని, వరదలో కొట్టుకుపోయి దేశమంతా తిరుగుతాయి. అందుకే అన్ని చెరువుల్లోనూ ఇంచుమించు అవే మొక్కలు. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులో అవి కూడా మిగలవు.

ఇక్కడే నేను పొరపడ్డాను. ఈ తెరాయి మడుగుల్లో, గుంటల్లో అడవి వరి పెరుగుతుంది. పురాణాల్లో మునులు తిన్న నివ్వరి వడ్లు ఇవే. అక్కడివాళ్లు తిన్నీ అంటారు. నాగలి తగలని ధాన్యం కాబట్టి ఉపవాసాల్లో తింటారు. పొడవాటి ముల్లు ఉన్న గింజ, పండగానే నీళ్లలో రాలిపోతుంది, అందుకే ఏరడం కష్టం, ధర ఎక్కువ. 1970ల్లో ఆసియా వరిచేలను గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు దెబ్బతీసింది. సుడిదోమ మోసుకొచ్చే తెగులది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా వరి నమూనాలు పరీక్షిస్తే గట్టిగా తట్టుకున్నది ఒకే ఒక్కటి. అది ఈ తెరాయికి దగ్గర్లోనే ఉన్న గోండా జిల్లా నుంచి తీసుకెళ్లిన అడవి వరి. గుర్‌దేవ్ సింగ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సాగు వరిలోకి ఎక్కించింది. అలా 1976లో ఐఆర్ 36 అనే వరి రకం వచ్చింది, ఆ తర్వాత ఐఆర్ 64 కూడా అదే వంశంలో పుట్టింది. మన మారుటేరు కాటన్ దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010, కృష్ణవేణి అనే వరి రకాన్ని ఐఆర్ 64తో కలిపి చేసినది. అంటే ఆ గోండా నివ్వరి మన సన్నాలకు దూరపు ముత్తాత. చెరువు గట్టున నిలబడి ‘కొత్తేముంది’ అనుకున్నందుకు కాస్త సిగ్గేసింది.

ఇక గడ్డి. నేను వెళ్లేసరికి ఫంటాలో సగం కాలి నల్లగా ఉంది. అటవీ సిబ్బంది ఏటా చలికాలం చివర్లో నిప్పు పెడతారు. మసి మధ్య నుంచి అరచెయ్యంత పచ్చటి మొలకలు వస్తున్నాయి, బారాసింగా జింకలు వాటి మీదే ఉన్నాయి. కాలని సగంలో గడ్డి జీపు కన్నా ఎత్తు. రెల్లు, దర్భ, వట్టివేరు, ముంజగడ్డి. దూరం నుంచి చూస్తే రెండు మూడు రకాల గడ్డి తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది, ఒక చదరపు మీటరులో లెక్కపెట్టినా పెద్ద సంఖ్య రాదు. మనవాళ్లు ఇలాంటిదాన్ని బీడు అనేస్తారు. ఆ మాటే దీని కొంప ముంచింది. అడవిని నరికితే గొడవ అవుతుంది, బీడు దున్నితే అభివృద్ధి! స్వాతంత్ర్యం తర్వాత, మలేరియా తగ్గాక, తెరాయి గడ్డినేలలు చాలావరకు చెరుకు తోటలైపోయాయి. ఇందులో ఇంకో తమాషా ఉంది. 1912లో కోయంబత్తూరులో లావు చెరుకుని రెల్లుతో సంకరం చేసి కో 205 అనే చెరుకు రకాన్ని పుట్టించారు, 1918లో విడుదల చేశారు. ఇప్పుడు వేసే చెరుకు రకాల్లో ఆ రెల్లు గుణమే ఉంది. పార్కు గేటు దాటి పలియా వైపు తిరగ్గానే రెండు పక్కలా కనిపించేది ఆ చెరుకే, రెల్లును దున్నేసిన నేలలో.

నా ఓటు గడ్డికే. సంఖ్యలో అడవి ముందుంది, మన కంచానికి చెరువు చేసిన మేలు ఎక్కువ, అది ఒప్పుకుంటాను. కానీ అడవికి చట్టం కాపలా ఉంది. చెరువులో నీళ్లు నిలిస్తే మొక్కల్లో చాలావరకు తిరిగొస్తాయి. చదునైన సారవంతమైన గడ్డినేల ఒకసారి పొలమైతే మళ్లీ గడ్డినేల అవ్వడం నేను ఎక్కడా వినలేదు. అలాగని కంచె వేసి వదిలేసినా దక్కదు. నిప్పు పెట్టకపోతే బూరుగు, సండ్ర మొలిచి పదేళ్లలో అడవి మొదలవుతుంది. ఏటా మొత్తం తగలబెడితే రెల్లు, దర్భ లాంటి మొండి గడ్డే మిగిలి చిన్న మొక్కలు పోతాయి. ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా కాల్చడమే మంచిదని నా అభిప్రాయం.

ఆ చిన్న మొక్కల్లో ఏముంటుందో చెప్పడానికి ఒకటి చాలు. యూలోఫియా ఆబ్ట్యూసా అనే నేల ఆర్కిడ్‌ని మన దేశంలో చివరిసారి 1902లో పీలీభీత్‌లో చూశారు. మళ్లీ 2020లో, 118 ఏళ్ల తర్వాత, దుధ్వా గడ్డిలో కనిపించింది. నేను కూడా చూద్దామని గైడుని అడిగాను. అది పూసేది వానలు మొదలయ్యాక అన్నాడు. జూన్ మధ్యలో పార్కు మూసేస్తారు, మళ్లీ తెరిచేది నవంబరులో.